ఎనభై డిగ్రీల నీళ్ళలో కోదండరామ్

కోదండరామ్ "నేను జపాన్‌లో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టాడంటే, వినేవాళ్ళు టీ కప్పు ముందు ఎక్కడైనా భద్రంగా పెట్టుకోవడం మంచిది. మనిషి జపాన్‌లో ఉన్నది మొత్తం తొమ్మిది రోజులు. అందులో కొండల్లో ఒక పాతకాలపు సత్రంలో, అదే వేడినీటి బుగ్గలున్న సత్రంలో, ఉన్నది మూడే రోజులు. ఆ మూడు రోజుల గురించి నవంబరు నుంచి మార్చి దాకా చెబుతూనే ఉన్నాడు. విన్నవాళ్ళ లెక్క ప్రకారం ఈపాటికి అవి మూడు నెలలు అయివుండాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం మిల్టన్ ఊళ్ళో కోదండరామ్ వాళ్ళ టౌన్‌హౌస్ గరాజ్‌లో సభ తీరింది. కారు బయట పెట్టి, షట్టర్ ఎత్తి, లోపల నాలుగు మడత కుర్చీలు వేశారు. ఒక మూల చిన్న హీటర్ గురగుర లాడుతోంది. డ్రైవ్‌వే పక్కన మంచు కుప్ప నల్లబడి, మెల్లగా కరుగుతోంది. అతని భార్య శ్యామల లోపలి నుంచి వాయి మీద వాయి మిరపకాయ బజ్జీలు తెచ్చిపెడుతోంది. అదే వీధిలో ఉండే కరీంనగర్ కుర్రాడు కిరీటి, కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే, ఒకదాని మీద ఒకటి పేర్చిన వింటర్ టైర్ల మీదే కూర్చున్నాడు. కోదండరామ్‌తో పాటు మార్కమ్ ఆఫీసులో పనిచేసే కర్నూలు అనంత్, అతని భార్య సుధామయి ఎదురుగా ఉన్నారు. వాళ్ళ పిల్లలిద్దరూ మేడ మీద టీవీకి అతుక్కుపోయారు.

షట్టర్ కింద ఎండ పడేచోట, శాలువా కప్పుకుని, కోదండరామ్ అత్తగారు జానకమ్మ కూర్చుంది. తెనాలి నుంచి, ఈ దేశంలో పిల్లల దగ్గర ఏళ్ళ తరబడి ఉండనిచ్చే సూపర్ వీసా మీద వచ్చి మూడేళ్ళయింది. డెబ్బై ఒకటి వయసు. మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి చాలాకాలమైంది. నోరు మాత్రం ఆవిడ చెప్పినట్టే వింటుంది, అందుకే ఇన్నాళ్ళూ మూసుకుని ఉంది.

మూసుకోమన్నది కూతురే. పోయిన నవంబరులో ఇండియా నుంచి తిరిగొస్తూ అల్లుడూ కూతురూ తనూ జపాన్‌లో ఆగినప్పుడు, తిరుగు విమానం ఎక్కేముందు అక్కడి విమానాశ్రయంలోనే శ్యామల తల్లిని పక్కకి పిలిచి చెప్పింది. "అమ్మా, ఆయన ఇంటికెళ్ళాక ఏవేవో చెబుతారు. నువ్వు మధ్యలో కలగజేసుకోకు. నలుగురిలో ఆయన పరువు పోతే ఇంట్లో నాలుగు రోజులు అన్నం సయించదు." సరే అంది జానకమ్మ. అల్లుడి కోతల వల్ల ఎవరికి ఏం నష్టం, చెప్పుకుంటే చెప్పుకోనీ అనుకుంది.

కానీ ఇవాళ నష్టం తనకే వచ్చి పడింది. వచ్చే నవంబరులో ఈ మూడు ఇళ్ళవాళ్ళూ కలిసి అదే సత్రానికి వెళ్దామని, ఈ సాయంత్రమే టికెట్లు బుక్ చేసేద్దామని అనుకున్నారు. మొదటి వాయి బజ్జీలు దిగకముందే నాయకుడి హోదాలో కోదండరామ్ తేల్చేశాడు. "పెద్దవాళ్ళని తీసుకెళ్ళకూడదు అనంత్. ఆ వేడి వాళ్ళకి పడదు. పోయినసారి అత్తయ్యగారు తట్టుకోలేకపోయారు. ఈసారి ఆవిడ ఇక్కడే ఉంటారు, మీ పిల్లలిద్దర్నీ చూసుకుంటారు. నీకూ నిశ్చింత, ఆవిడకీ కాలక్షేపం."

జానకమ్మకి ఒళ్ళు మండింది. నవంబరు ఎప్పుడొస్తుందా అని క్యాలెండరు చూసుకుంటున్న మనిషి ఆవిడ. కూతురి వంక చూసింది. శ్యామల బజ్జీల పళ్ళెం వంక చూసింది.

"ఇంతకీ ఆ నీళ్ళు ఎట్లుంటయి అన్నా?" అన్నాడు కిరీటి. వాడికి తెలుసు, ఒక్క ప్రశ్న చాలని.

"నీళ్ళా?" కోదండరామ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మొదటిరోజు నేను పెద్దగా ఏమీ చేయలేదు కిరీటీ, ఊరికే దిగాను, అంతే. నలభై రెండు డిగ్రీలు. గోడ మీద బోర్డు ఉంటుంది, పది నిమిషాలకి మించి కూర్చోకూడదని. జపాన్ వాళ్ళు, పాపం పుట్టినప్పటి నుంచి అందులోనే స్నానం చేస్తున్నవాళ్ళు, ఎనిమిదో నిమిషానికల్లా టమాటాల్లా ఎర్రబడిపోయి లేచి వెళ్ళిపోతున్నారు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మనమెవరం? రెంటచింతల ఎండల్లో మే నెల మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడినవాళ్ళం! నలభై నిమిషాలు కూర్చున్నాను. గొప్పేం కాదులే."

"నలభై నిమిషాలా!" అనంత్ నోరు తెరిచాడు. "మా కాండో అపార్ట్‌మెంట్ హాట్ టబ్‌లో నాకు పది నిమిషాలకే గుండె దడ వచ్చేది కోదండ్ గారూ."

"అది టబ్ నాయనా, ఇది భూమి కడుపులోంచి వచ్చే నీళ్ళు. సరే, కళ్ళు తెరిచేసరికి ఏమైందో తెలుసా? సత్రం యజమానురాలు, ఎనభై ఏళ్ళ ముసలావిడ, గట్టు మీద గడియారం పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నేలకి తల ఆనించి దండం పెట్టింది. మూడు వందల ఏళ్ళుగా మా సత్రంలో ఇంతసేపు కూర్చున్న మనిషి లేడు అంది."

"ఏ భాషల అన్నది అన్నా?"

"కళ్ళతో అంది. జపాన్‌లో సగం మాటలు కళ్ళతోనే. నువ్వు వెళ్తే నీకే తెలుస్తుంది."

జానకమ్మ శాలువా అంచు సర్దుకుంది. ఆ యజమానురాలు కూరగాయలు తెచ్చినవాడికి కూడా అలాగే వంగి దండం పెట్టడం ఆవిడ చూసింది. ఆవిడ వంగితే ఈయన వంగి, ఈయన వంగినందుకు ఆవిడ మళ్ళీ వంగి, ఆ వంగుళ్ళు ఎక్కడ ఆపాలో తెలియక అల్లుడు ఐదు నిమిషాలు వంగుతూ నడుము నొప్పి తెచ్చుకున్నదీ చూసింది. శ్యామల చొక్కా పట్టుకుని లాగితే గానీ ఆగలేదు మనిషి.

"ఆ రాత్రి భోజనానికి ఇరవై రెండు గిన్నెలు పెట్టారు. అది వేరే కథ. మర్నాడు పొద్దున ఆ యజమానురాలు నన్ను కొండ వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ అసలు బుగ్గ ఉంది. ఎనభై డిగ్రీలు. కుతకుతలాడుతోంది. అందులో మనుషులు దిగరు, వలలో పెట్టి గుడ్లు ఉడకేస్తారు. గుడ్డు ఉడకడానికి పన్నెండు నిమిషాలు. నేను ఎంతసేపు ఉన్నాను?"

అందరి మొహాలూ ఒకసారి చూసి తనే అన్నాడు. "గంట!"

"మరి నువ్వు ఉడకలేదా అన్నా?" కిరీటి చాలా బాధ్యతగా అడిగాడు.

"అదే వాళ్ళకీ అర్థం కాలేదు. ఒళ్ళు కిరీటీ, ఒళ్ళు! చిన్నప్పటి నుంచి పల్నాటి కారం తిన్న ఒంటికి బయటి వేడి ఎక్కదు, లోపలిదే ఎక్కువ కదా. నేను దిగాక ఆ నీళ్ళే రెండు డిగ్రీలు పెరిగాయట, వాళ్ళ మీటర్‌లో చూపించారు. సరే, ఊరికే కూర్చోవడం ఎందుకని ఇడ్లీ పిండి గుడ్డలో మూటకట్టి నా పక్కనే నీళ్ళలో వేలాడదీశాను."

"పిండి ఎక్కడిది?" అన్నాడు అనంత్.

"అత్తయ్యగారు సూట్‌కేసులో ఇడ్లీ రవ్వ లేకుండా సముద్రం దాటుతారా?"

అందరూ జానకమ్మ వైపు చూసి నవ్వారు. ఆవిడ సూట్‌కేసులో ఇడ్లీ రవ్వ లేదు. ఉన్నవి వేరే, అవి ఏమిటో తలుచుకుంటే ఆవిడకే ఇప్పటికీ సిగ్గు.

"ఆ ఇడ్లీలు వాళ్ళ వంటవాడికి పెట్టాను. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న వంటవాడు. ఒకటి తిన్నాడు, రెండు తిన్నాడు, నాలుగోది నోట్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తన కత్తి తీసి నా కాళ్ళ దగ్గర పెట్టి, ఇక ఈ జన్మలో వంట చేయనన్నాడు. వద్దు నాయనా, చేపలు నువ్వే చూసుకో, టిఫిన్ల వరకే నేను అని సర్దిచెప్పాను. ఈ హడావిడిలో అత్తయ్యగారు ఆవిరి తగిలి గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడిపోయారు. ఇంకా నీళ్ళలో కాలు కూడా పెట్టలేదు పాపం, ఆవిరికే! ఆవిడని భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కాను. ఒక చేత్తో ఆవిడ, ఒక చేత్తో ఇడ్లీ గిన్నె."

"అయ్యో ఆంటీ!" అంది సుధామయి, జానకమ్మ చెయ్యి పట్టుకుని. "మీకు ఇంత జరిగిందని శ్యామలక్క చెప్పనేలేదు."

జానకమ్మ అల్లుడి వంక చూసింది. కళ్ళు తిరిగి పడిపోయిందట! ఆ మూడు రోజులూ తన జీవితంలో అరుదుగా దొరికిన మూడు రోజులు. వాటిని ఈయన తీసుకుపోయి, పతకాల్లా మెడలో వేసుకుని, తనని ఇడ్లీ గిన్నె పక్కన పడేశాడు. కోపం కంటే దుఃఖం ఎక్కువైంది ఆవిడకి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" కోదండరామ్ గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిందంటే అబద్ధం పెరుగుతోందని ఆ వీధిలో అందరికీ తెలుసు. "మూడోరోజు భూకంపం. పెద్దదేం కాదు, కొండ ఇటు నుంచి అటు జరిగింది, అంతే. కానీ బుగ్గ ఎండిపోయింది! ఊళ్ళో ముప్ఫై సత్రాలున్నాయి, ముప్ఫైటిలోనూ చుక్క నీళ్ళు లేవు. మూడు వందల ఏళ్ళ బతుకు పోయిందని యజమానురాలు గుండెలు బాదుకుంటోంది. ఇంజినీర్లు వచ్చారు, మిషన్లు వచ్చాయి, లాభం లేదు. నేను చూస్తూ కూర్చోలేకపోయాను. మా తాత కోటేశ్వరరావు గారు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిస్తే, నీళ్ళున్న చోట కాయ నిటారుగా లేచి నిలబడేది. పల్నాడులో సగం బోర్లు ఆయన చూపించినవే. ఆ విద్య నా చేతిలో ఉంది. కానీ ఆ కొండల్లో కొబ్బరికాయ ఏదీ?"

"ఏది మరి?" అనంత్ కుర్చీ అంచుకి వచ్చేశాడు.

"ముల్లంగి! అక్కడ ముల్లంగి మన చెయ్యంత ఉంటుంది. అది అరచేతిలో పెట్టుకుని కొండంతా తిరిగాను. ఊరు ఊరంతా నా వెనకాల. ఒకచోటికి వచ్చేసరికి ముల్లంగి సర్రున లేచి నిలబడి గిరగిరా తిరిగింది. ఇక్కడే అని మడమతో ఒక్క తన్ను తన్నాను. ఒక్కటే! భూమి బద్దలై నీళ్ళు పైకి లేచాయి. నన్నూ లేపుకుపోయాయి. ఇల్లు దాటాను, చెట్లు దాటాను, మబ్బు దాటాను. ఫ్యూజీ పర్వతం నా మోకాలి కింద కనిపిస్తోంది. అటు తిరిగితే సముద్రం, సముద్రం అవతల..."

"మన మిల్టన్ గో రైలు స్టేషన్ కనిపించిందా అన్నా?"

"స్టేషన్ కనిపించలేదు. పార్కింగ్ కనిపించింది, ఒక్క ఖాళీ లేదు."

ఈసారి అనంత్ కూడా నవ్వాడు. కోదండరామ్‌కి అది నవ్వులా కాదు, చప్పట్లలా వినిపించింది. "హెలికాప్టర్ పంపిస్తామన్నారు, నేనే వద్దన్నాను. నీళ్ళకే చెప్పాను, మెల్లగా దించమ్మా అని. దించింది. ఆ బుగ్గకి నా పేరే పెట్టి రాతి మీద చెక్కించారు."

"ఫొటో ఉందా?" అన్నాడు కిరీటి.

"ఆవిరికి కెమెరా మసకబారిపోదూ? కంటితో చూడాల్సిందే. అందుకే చెప్పేది, ఇదేం పిల్లల ఆట కాదు, పెద్దవాళ్ళ వల్ల అయ్యేదీ కాదు." ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో లిస్టు తెరిచాడు. "ఇదిగో, అత్తయ్యగారి పేరు తీసేస్తున్నాను. మిగతావాళ్ళ పాస్‌పోర్టు నంబర్లు పంపించండి."

జానకమ్మ శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది.

"బాబూ, ఒక్క మాట," అంది. "ఇన్ని నీళ్ళలో దిగారు కదా, దిగేటప్పుడు ఏం కట్టుకున్నారు?"

శ్యామల చేతిలో పళ్ళెం ఆగిపోయింది. కోదండరామ్ మాత్రం జోరు మీద ఉన్నాడు, ఆలోచించే తీరిక లేదు. "ఏముంది అత్తయ్యగారూ, నల్ల నిక్కరు. ఇక్కడ కమ్యూనిటీ సెంటర్‌లో ఈతకి వేసుకుంటానే, అదే. పైన సత్రం వాళ్ళ తువ్వాలు నడుముకి బిగించాను."

"నిక్కరుతో దిగనివ్వరు బాబూ అక్కడ. ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. గుమ్మం దగ్గరే నిక్కరు బొమ్మ వేసి, దాని మీద ఎర్రగీత కొట్టి పెట్టారు. ఆ బొమ్మ చూసే కదా మీరు గుమ్మంలో ఆగిపోయింది?"

 కిరీటి టైర్ల మీది నుంచి దిగి బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు.

"అది... అత్తయ్యగారూ, అది వేరే..."

"మగవాళ్ళ వైపు నీలం తెర, ఆడవాళ్ళ వైపు ఎర్ర తెర. మేమింకా మా తెర దాటకముందే మీరు మీ తెర లోపలికి తల పెట్టి, నలుగురు మనుషులు పుట్టినప్పటిలాగా తిరుగుతుంటే చూసి, అర నిమిషంలో బయటికొచ్చేశారు. మూడు రోజులూ గదిలో చేతులు కడుక్కునే సింకు దగ్గర తువ్వాలు తడిపి ఒళ్ళు తుడుచుకున్నారు. మేం నీళ్ళలో ఉన్నంతసేపూ సత్రం వాళ్ళిచ్చిన నూలు గౌను వేసుకుని వరండాలో డబ్బులేస్తే కాఫీ ఇచ్చే మెషిన్ పక్కన కూర్చుని, డబ్బా కాఫీలు తాగారు. నేను తప్పు పట్టడం లేదు బాబూ. మన వైపు ఎవరం అట్లా స్నానం చేస్తాం? సిగ్గు పడ్డారు, అందులో తప్పేముంది? నాకూ సిగ్గేసింది."

ఆవిడ సుధామయి వైపు తిరిగింది. "నేను అంతకంటే పెద్ద తప్పు చేశానమ్మా. వేడినీళ్ళు అనేసరికి తలంటు అనుకున్నాను. తెనాలి నుంచి తెచ్చుకున్న నువ్వులనూనె సీసా మొత్తం ఒంటికి, తలకి పట్టించుకుని, సున్నిపిండి డబ్బా చంకన పెట్టుకుని, నిగనిగలాడుతూ ఆ నీళ్ళ దగ్గరికి నడిచాను. ఇంకొక్క అడుగు వేస్తే అంతమంది నీళ్ళ మీదా నూనె తేలేది. నా వయసావిడే ఒకామె గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అరవలేదు, విసుక్కోలేదు. అక్కడ ముందు చిన్న చెక్కపీట మీద కూర్చుని, ఒళ్ళంతా శుభ్రంగా కడుక్కుని, అప్పుడు దిగాలట. నన్ను పీట మీద కూర్చోబెట్టి నాలుగుసార్లు సబ్బు పెట్టింది. వీపు తోమింది. మా అమ్మ పోయాక నా వీపు ఇంకొకరు తోమడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. నీళ్ళు పోస్తోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు."

సుధామయి ఆవిడ చెయ్యి వదల్లేదు.

"ఆ తర్వాత చిన్న గుడ్డ నెత్తిన పెట్టుకుని ఇద్దరం నీళ్ళలో కూర్చున్నాం. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. ఇద్దరం మోకాళ్ళు చూపించుకుని నవ్వుకున్నాం. మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు దిగాను. ఆఖరిరోజు కమ్మీ పట్టుకోకుండా మెట్లు ఎక్కాను. నేను పడిపోలేదు. నన్నెవరూ మొయ్యలేదు." అల్లుడి వంక సూటిగా చూసింది. "నాకు మళ్ళీ వెళ్ళాలని ఉంది బాబూ. ఈ మోకాళ్ళు ఇంకో ఏడాది తర్వాత నన్ను మొయ్యవు. నా పేరు తీసేస్తున్నారు కాబట్టి మాట్లాడాను. లేకపోతే మీ ముల్లంగి జోలికి వచ్చేదాన్ని కాదు."

అందరూ శ్యామల వైపు చూశారు. ఆవిడ పళ్ళెం కింద పెట్టి కొంగుకి చేతులు తుడుచుకుంది. "అమ్మ చెప్పిందంతా నిజమే," అంది. "నోరు మూసుకోమన్నది నేనే. నాదే తప్పు." మొగుడి చేతిలోంచి ఫోన్ తీసుకుని తల్లి పేరు మళ్ళీ టైపు చేసింది.

"మొదటి పేరుగా పెట్టక్కా," అంది సుధామయి. "నేను వారం రోజులుగా ఇదే అడుగుదామని అడగలేక చస్తున్నా. అంతమందిలో ఎలా అని భయం. మా ఆయన్ని అడిగితే కోదండ్ గారు నిక్కరు వేసుకున్నారట, నువ్వూ ఏదో ఒకటి వేసుకో అన్నారు. ఆంటీ పక్కన ఉంటే నేను దిగుతా. లేకపోతే నేనే రాను. పిల్లలంటారా, వాళ్ళూ వస్తారు."

"మా అమ్మను కూడా కరీంనగర్ నుంచి పిలిపిస్తా అమ్మమ్మా," అన్నాడు కిరీటి. "ఆమెకు కూడా మోకాళ్ళే. కొంచెం నూనె సీసా మాత్రం మీరే చెక్ చేయాలె."

అందరూ నవ్వారు. జానకమ్మ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వనిది కోదండరామ్ ఒక్కడే.  ఎదురుగా చల్లారిన బజ్జీ ఒకటి ఉంటే తీసుకున్నాడు, కొరకలేదు, మళ్ళీ పెట్టేశాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అయితే... లిస్టులో నా పేరు ఉన్నట్టేనా, తీసేశారా?"

జానకమ్మకి జాలేసింది. శాలువా మళ్ళీ కప్పుకుంటూ, చాలా మర్యాదగా చెప్పింది.

"అదేం మాట బాబూ, మీరు రాకపోతే ఎలా? గుడికెళ్ళినా ఎవరో ఒకరు బయట చెప్పుల దగ్గర ఉండాలి కదా!"